అక్క గొంతు

చిన్నబుజ్జి కట్టుడుపళ్ళు చేస్తుంది. నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆమెకు ఆ చిన్నప్పటి ముద్దుపేరే మిగిలింది. పళ్ళ డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, ఆరిన దవడ మీద మైనం పరిచి, అందులో పన్ను పక్కన పన్ను అమర్చి, ముక్కూమొహం తెలియని మనిషికెవరికో నవ్వు తయారుచేసి పంపడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే ల్యాబు, కిటికీ పక్కన అదే బల్ల. చుట్టూ అరల నిండా నోళ్ళు తెరుచుకున్న తెల్లటి దవడలు. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని చూసి జడుసుకునేవారు. ఆమెకు మాత్రం వాటి మధ్యే ప్రాణం హాయిగా ఉండేది. అన్ని నోళ్ళున్నా ఒక్కటీ పలకరించదు, జవాబు చెప్పమని అడగదు.

మొదటిసారి అది జరిగింది ఆ గదిలోనే, మిట్టమధ్యాహ్నం. యజమాని భోజనానికి వెళ్ళాడు. ఆమె తప్ప గదిలో పురుగు కూడా లేదు. కింది దవడకు ముందుపళ్ళు సరిచేస్తుండగా ఎవరో నవ్వారు. రెండు చిన్న నవ్వులు, వెంటనే పొడుగాటి ఊపిరి. చేతిలోని మైనం కత్తి కింద పెట్టి వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. అప్పుడు చూసుకుంది, తన కుడిచెయ్యి తన గొంతు గుంట మీద ఆని ఉంది. పెదాలు ఇంకా విచ్చుకునే ఉన్నాయి. నవ్వింది తనే. నవ్వాలని అనుకోలేదు. నవ్వడానికి అక్కడేమీ లేదు.

ఆ నవ్వు ఎవరిదో ఆమెకు బాగా తెలుసు. అది అక్కది. అక్క పోయి పంతొమ్మిదేళ్ళయింది.

చిన్నబుజ్జికి నాలుగేళ్ళు నిండేదాకా మాటలు రాలేదు. వచ్చాక, ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. ఎదుటిమనిషి కళ్ళలోకి చూడాలంటే ఎండలోకి చూసినంత కష్టం. బడిలో పిల్లలు ‘బొమ్మ’ అని ఏడిపించేవారు. ఆమెకంటే మూడేళ్ళు పెద్దదైన అక్క, ఇంట్లో అందరికీ పెద్దబుజ్జి, ఒకరోజు గది గడియ పెట్టి చెల్లెల్ని అద్దం ముందు నిలబెట్టింది.

“నేనెలా చేస్తే అలా చెయ్యి. ఎవరైనా ఏదైనా చెప్తుంటే తల కొంచెం ఇలా వంచు. ‘అయ్యో, అలాగా!’ అను. నవ్వాల్సి వస్తే రెండుసార్లు నవ్వి ఊపిరి వదిలెయ్యి. చెయ్యి ఇక్కడ పెట్టుకో. కళ్ళలోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడు. ఎవరికీ తెలీదు.”

నిజంగానే ఎవరికీ తెలియలేదు. ఏడాది తిరిగేసరికి అక్క నవ్వు, అక్క పలకరింపు, ఆఖరికి అక్క దగ్గు కూడా చెల్లెలికి పట్టుబడ్డాయి. పెద్దయ్యాక ఫోనులో మాట్లాడుతున్నది ఎవరో అమ్మకు కూడా అంతుపట్టేది కాదు. తర్వాత ముప్ఫై రెండో ఏట, వారం రోజుల జ్వరంతో అక్క పోయింది. ఆ రోజు ఇంటికి వచ్చినవాళ్ళందరినీ చిన్నబుజ్జే గుమ్మంలో నిలబడి పలకరించింది, అక్క గొంతుతో. కొందరు బిత్తరపోయి చూశారు. ఏం చేస్తుంది? ఆమెకు మరో గొంతు లేదు.

అలా పంతొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. ఈ ఏడాదే అంతా పట్టు తప్పింది. నిద్ర లేదు. నెలసరి ఒక నెల వస్తే రెండు నెలలు రాదు. ట్యూబులైటు రొద చెవిలో సూదిలా దిగేది. డాక్టర్లతో ఫోనులో మాట్లాడుతుంటే ‘అయ్యో, అలాగా!’ కావాల్సినప్పుడు రాదు, అక్కర్లేనప్పుడు ఊడిపడుతుంది. ల్యాబులో మొదలైన ఆ నవ్వు ఇంట్లోనూ వినిపించసాగింది. ఒకసారి స్నానాలగదిలో మొహం కడుక్కుంటుంటే, నోటి నిండా నీళ్ళున్నప్పుడు వచ్చింది. నోటి నిండా నీళ్ళుంటే మనిషి ఎలా నవ్వుతుందో ఆమెకు అర్థం కాలేదు. ఆ తర్వాత అద్దం మీద తువ్వాలు కప్పేసింది.

మొదట చూసిన డాక్టరు “వయసమ్మా, అదే సర్దుకుంటుంది” అని మాత్రలు రాశాడు. రెండోసారి చూసిన డాక్టరమ్మ మూడు పూటలు కూర్చోబెట్టి, చిన్నప్పటి సంగతులన్నీ అడిగి చెప్పింది. “మీది ఆటిజం. పుట్టుకతో వచ్చిందే. ఇన్నేళ్ళూ దాన్ని కప్పిపెట్టుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఒంట్లో ఓపిక తగ్గింది, ఆ ముసుగు నిలవడం లేదు. మీలాంటివాళ్ళు గురువారం గురువారం పై అంతస్తులో కలుస్తారు. ఒకసారి వెళ్ళి చూడండి.”

పై అంతస్తులో లైట్లు వెయ్యని గది. సగం దించిన కిటికీ తెరలు, గుండ్రంగా ఐదు కుర్చీలు. అందులో నలుగురు ఆడవాళ్ళు, అందరూ నలభై దాటినవాళ్ళే. సిటీ బస్సు నడిపే ఆవిడ, లెక్కల టీచరు, నర్సు, బట్టలు కుట్టే ఆవిడ. ఐదో కుర్చీ చిన్నబుజ్జిది. కౌన్సెలరు నేల మీద పరుపు వేసుకుని కూర్చుంది. అడుగుల చప్పుడు ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని చెప్పులు గుమ్మం బయటే వదిలేసి వస్తుందామె.

“ఇక్కడ మొహం పెట్టుకోనక్కర్లేదు. పది నిమిషాలు ఎవరూ మాట్లాడం. ఎలా ఉంటే అలా ఉండండి,” అంది.

చిన్నబుజ్జి అందరి వైపూ చూసింది. ఒక్కొక్కరి మొహం నుంచి ఏదో జారిపోతోంది. టీచరు చిరునవ్వు ఆరిపోయింది. నర్సు కనుబొమలు దిగిపోయాయి. ఆఖరికి నాలుగు మొహాలూ తన అరల్లోని ప్లాస్టర్ అచ్చుల్లా మిగిలాయి. చూస్తే ఒళ్ళు జలదరించింది. కానీ అవి అలసట తీర్చుకుంటున్న మొహాలని ఆమెకు తెలుస్తూనే ఉంది. తనూ పెట్టుకున్న మొహం దించుకోవాలని చూసింది. దిగలేదు. బుగ్గల కింద ఏదో గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో రెండు చిన్న నవ్వులు, ఒక పొడుగాటి ఊపిరి.

బస్సు డ్రైవరు తల తిప్పింది. “ఆ నవ్వు నీది కాదు కదూ?”

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. “మా అక్కది.”

“ఆవిడెక్కడుంది?”

“పోయింది. పంతొమ్మిదేళ్ళయింది.”

 డ్రైవరు లేచి, గోడవారనున్న మరో కుర్చీ లాక్కొచ్చి చిన్నబుజ్జి పక్కన వేసింది. “అయితే ఆవిడ్ని కూడా కూర్చోమను. నీ మీద కూర్చుంటే నీకెక్కడ ఊపిరాడుతుంది?”

ఎవరూ నవ్వలేదు. ఆవిడ వేళాకోళానికి అనలేదు. కాసేపటికి కౌన్సెలరు బయటికెళ్ళి ట్రేలో మంచినీళ్ళు తెచ్చింది. ఆమెకు విడిగా తన నీళ్ళ సీసా ఉంది. ట్రేలో ఆరు గ్లాసులున్నాయి. పంచడం అయ్యాక మిగిలిన గ్లాసు వంక చూసి, “అదేంటి, ఆరుగురని ఎందుకనుకున్నాను?” అని తనలో తనే గొణుక్కుంది.

అమ్మకు డెబ్బై ఎనిమిది. కళ్ళకు నీడలు తప్ప కనిపించవు, మతిమరుపు మొదలైంది. ఆ ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, “పెద్దబుజ్జీ, ఎందుకో ఇవాళ చిన్నది కళ్ళల్లో మెదులుతోందే,” అంది.

“నేనే చిన్నదాన్నమ్మా,” అంది చిన్నబుజ్జి. ఆ మాట కూడా అక్క గొంతుతోనే వచ్చింది.

“ఊరుకోవే. దాన్ని తీసుకెళ్ళిన రోజు నువ్వే కదా గుమ్మంలో నిలబడి అందరికీ జవాబు చెప్పావు. లోపల పడుకుని నీ గొంతు విన్నాను. పోనీలే, పెద్దదైనా నాకు మిగిలింది అనుకున్నాను. ఆ చిన్నది ఎవరితోనూ కలిసేది కాదు పాపం. చప్పుడు లేకుండానే పోయింది.”

 మతిమరుపు నిన్నా మొన్నటిది. కానీ అమ్మ చెబుతున్నది నిన్నా మొన్నటి సంగతి కాదు. అమ్మ ఇన్నేళ్ళూ పిలిచింది ఉత్త ‘బుజ్జీ’ అనే. పంతొమ్మిదేళ్ళూ అమ్మ తనలో ఏ కూతుర్ని చూసుకుంటూ వచ్చింది? పోయింది ఎవరు? ఆ పూటంతా చిన్నబుజ్జి గోడలు పట్టుకుని నడిచింది. కాళ్ళ కింద నేల ఉందో లేదో నమ్మకం కుదరలేదు.

మర్నాడు కౌన్సెలరుకు ఫోను చేసి, వచ్చీరాని మాటల్లో అంతా చెప్పింది. “నేను ఆ గొంతు తీసేస్తే అక్క నిజంగా పోతుంది. తీయకపోతే నేను పోయినట్టే.”

“అంతా ఒక్కరోజులో తీసేయాలని ఎవరన్నారు?” అంది కౌన్సెలరు. “అమ్మ దగ్గర ఒక్క పది నిమిషాలు ఆ గొంతు లేకుండా ఉండి చూడండి. తట్టుకోలేకపోతే ఆపేయండి, తప్పేం లేదు. ఆ పూట ఒక్కరే ఉండకండి.”

తోడుగా బస్సు డ్రైవరు వచ్చింది. “నేను వంటింట్లో కూర్చుంటా. నన్ను మాత్రం మాట్లాడించకు,” అని చెవుల్లో దూది పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

చిన్నబుజ్జి అమ్మ ఎదురుగా నిలబడింది. తల వంచలేదు, చెయ్యి గొంతు మీద పెట్టుకోలేదు. బుగ్గల కింది పట్టును వదిలేసింది. వదిలాక నోరు తెరిస్తే గొంతే లేదు, ఉత్త గాలి. తర్వాత ఎక్కడో అడుగు నుంచి ఒక మోటు గొంతు, ఎత్తుపల్లాలు లేనిది, ఒక్కొక్క మాటా విడివిడిగా పైకి వచ్చింది.

“అమ్మా. నేను. చిన్నదాన్ని.”

అమ్మ కుర్చీలో వెనక్కి జరిగింది. “ఎవరది? ఎవరు నువ్వు?” అని తలుపు వైపు తిరిగి కేక పెట్టింది. “పెద్దబుజ్జీ! ఒసే పెద్దబుజ్జీ! ఇంట్లో ఎవరో దూరారే!”

‘వస్తున్నానమ్మా’ అన్న మాట అక్క గొంతులో పళ్ళ దాకా వచ్చింది. చిన్నబుజ్జి పళ్ళు బిగపట్టింది. ఒళ్ళు దానంతటదే ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. మూసిన నోటి లోంచి ఒకటే స్వరం, సన్నగా, తెగకుండా వస్తోంది. అలాంటి చప్పుడు తను చేయగలదని కూడా ఆమె మరిచిపోయింది.

అమ్మ కేకలు ఆగిపోయాయి. చాలాసేపు చెవి ఒగ్గి వింది. తర్వాత మెల్లగా కుడిచెయ్యి చాచింది, ఎదురుగా కాదు, కిందికి. నేల నుంచి రెండడుగుల ఎత్తున గాలిలో తడుముతోంది, అక్కడొక పసిపిల్ల తల ఉన్నట్టు.

“బల్ల కింద నుంచి బయటికి రావే. ఎవరూ కొట్టరు. వాళ్ళంతా వెళ్ళిపోయారు, రా.”

ఆ చెయ్యి అక్కడక్కడే తిరుగుతోంది. చిన్నబుజ్జి మోకాళ్ళ మీద కూర్చుని, తల తీసుకెళ్ళి ఆ చేతి కింద పెట్టింది. వేళ్ళు నెరిసిన జుట్టులో ఆగాయి.

“ఎంత పెద్దదానివైపోయావే! ఎక్కడికి పోయావు ఇన్నాళ్ళూ?”

“ఇక్కడే ఉన్నానమ్మా.”

“మరి అక్కేదే?”

అబద్ధం చెప్పడం చిన్నబుజ్జికి ఎప్పుడూ చేతకాలేదు. “అక్క లేదమ్మా. జ్వరమొచ్చింది కదా. అప్పుడే పోయింది.”

అమ్మ పెట్టిన కేకకు వంటింట్లో డ్రైవరు చెవుల్లో దూది ఉన్నా లేచి గుమ్మంలోకి వచ్చింది. పంతొమ్మిదేళ్ళ కిందటి ఏడుపది. ఆ రోజు అక్క గొంతు విని ఆగిపోయి, ఇన్నాళ్ళూ లోపలే ఉండిపోయింది. సాయంత్రం దాకా తెగలేదు. డ్రైవరు అమ్మకు ఆ పక్కనా, చిన్నబుజ్జి ఈ పక్కనా కూర్చున్నారు. చేయదగింది అంతకంటే ఏమీ కనిపించలేదు.

వారం రోజులు అమ్మ సరిగ్గా తినలేదు. చిన్నబుజ్జి సెలవు పెట్టింది. మంచి పని చేశానో పాపం చేశానో తెలియక లోలోపల కుమిలిపోయింది. మతిమరుపు మనిషి కదా, రెండు రోజులకోసారి అమ్మ మళ్ళీ అడిగేది, అక్కేదని. మళ్ళీ మొదటిసారి విన్నట్టే విలవిలలాడేది. అది తన వల్ల కావడం లేదని గురువారం గదిలో చెబితే నర్సు అంది. “ప్రతిసారీ పోయిందని చెప్పనక్కర్లేదు. నీ గొంతుతోనే అడుగు, అక్క గురించి చెప్పమ్మా అని. మా వార్డులో మేం అలాగే చేస్తాం.”

అడిగింది. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. అలా ఒకరోజు అన్న మాట ఇది:

“దానికీ జనమంటే భయమేనే. బడి నుంచి వచ్చి గంటసేపు దుప్పటి కప్పుకుని పడుకునేది. ఆ నవ్వు కూడా దానిది కాదు. వాళ్ళ టీచరొకావిడ అలా నవ్వేది. అద్దం ముందు నిలబడి నెలల తరబడి అభ్యాసం చేసింది పిచ్చిది. తర్వాత నీకు నేర్పింది.”

 ఇంతకాలం అక్కను మోస్తున్నాననుకుంది చిన్నబుజ్జి. కానీ ఆ నవ్వులో అక్క కూడా లేదు. ముక్కూమొహం తెలియని మనిషెవరో ఉంది. అక్కను ఎవరూ గురువారం గదికి పంపలేదు, ఆమె కోసం ఎవరూ కుర్చీ వెయ్యలేదు. ఆ తలపు రాగానే, అక్క పోయిన తర్వాత మొట్టమొదటిసారి ఆమెకు ఏడుపొచ్చింది. ఎలా ఏడవాలో అక్క నేర్పలేదు. అందుకని ఎలా వస్తే అలా ఏడ్చింది.

గదిలో ఈ సంగతి చెప్పినప్పుడు లెక్కల టీచరు కిటికీ తెర వంక చూస్తూ, “ఆ టీచరు ఎవర్ని చూసి నేర్చుకుందో,” అంది. ఆ మాట తర్వాత ఎవరూ ఎవరి మొహం వంకా చూడలేదు.

ఇప్పుడు చిన్నబుజ్జి ల్యాబుకు వచ్చే ఫోన్లు ఎత్తదు. చెప్పాల్సింది రాసి పంపమని డాక్టర్లకు కబురు పెట్టింది. ఒకరిద్దరు పొగరనుకున్నారు. యజమాని మొదట మూతి ముడిచినా, పని చూసి ఊరుకున్నాడు. నిద్ర కొంచెం పడుతోంది. బజారులో ఎవరైనా హఠాత్తుగా పలకరిస్తే పాత పలకరింపు ఇంకా నోటికొస్తుంది. రానిస్తుంది, దాంతో పోట్లాడదు. ఇంట్లో మాత్రం ఆ మోటు గొంతుతోనే మాట్లాడుతుంది. అమ్మ ఒక్కోరోజు గుర్తుపడుతుంది, ఒక్కోరోజు “ఎవరమ్మా నువ్వు, పనిమనిషివా?” అంటుంది. అప్పుడు “చిన్నదాన్ని” అని చెప్పి, అమ్మ నమ్మేదాకా ఆమె పక్కన నేల మీద కూర్చుంటుంది. కొన్నిసార్లు చాలాసేపు పడుతుంది.