ఆ రోజు జరిగింది

"ఇక్కడ 'విసుగు' అన్నావు. బాగోలేదు. 'అలసట' అని పెట్టు" అన్నాడు భర్త, కాగితం మీద ఎర్ర సిరాతో గీత కొడుతూ.

ఆమె అప్పుడు అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "విసుగే వచ్చిందండీ" అంది.

"వచ్చిందే అనుకో. దేవుణ్ణి నమ్ముకున్న మనిషికి విసుగొచ్చిందంటే చదివేవాళ్లేమనుకుంటారు? ఇంట్లో ఏదో ఉందనుకుంటారు."

అతను హైస్కూలు హెడ్మాస్టరు. బడిలో పిల్లల వ్యాసాలు ఎలా దిద్దుతాడో, ఇంట్లో భార్య బ్లాగునూ అలాగే దిద్దుతాడు. ఆమె రాసింది ప్రింటు తీసుకుంటాడు, టీ తాగుతూ మార్జిన్లో టిక్కులూ సున్నాలూ పెడతాడు, చివరికి "ఫర్వాలేదు, ఎక్కించు" అంటాడు. ఆ మాట పడ్డాకే అది లోకం మొహం చూస్తుంది. ఏడేళ్లుగా ఇదే వరస.

మొదట్లో ఇలా ఉండేది కాదు. ఆమెది ఒక ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. పొద్దున్న ఏడింటికల్లా పరగడుపున వచ్చి కూర్చున్న జనం చేతుల్లో నరాలు వెతకడంతో మొదలై, మధ్యాహ్నానికి గానీ నడుం వాల్చడానికి ఉండదు. ఆ ఖాళీ అరగంటలో, అన్నం డబ్బా ముందు పెట్టుకుని ఫోనులో నాలుగు మాటలు రాసి బ్లాగు మొదలుపెట్టింది. మొదటి పోస్టు బాత్రూం గురించి. ఆ ఇంట్లో ఆమె లోపల్నుంచి గడియ వేసుకోగల తలుపు అదొక్కటే. పంపు తిప్పి బకెట్లోకి నీళ్లు వదిలి, ఆ చప్పుడు చాటున దేవుడితో మాట్లాడుకునేది. ఆ సంగతే రాసింది. ఎనిమిదిమంది చదివారు. అందులో ఒకావిడ, "మా ఇంట్లో కూడా అంతేనండీ" అని జవాబు పెట్టింది. ఆ ఒక్క వాక్యంతో ఆమె వారంరోజులు కడుపు నిండినట్టు తిరిగింది.

తరవాత ప్రార్థన సంఘంలో ఎవరో, "మీ ఆవిడ భలే రాస్తారండీ" అని మాస్టారితో అన్నారు. ఆ రోజు అతను ఇంటికొచ్చి మొదటిసారి బ్లాగు చదివాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆమె తరవాత చాలాసార్లు అనుకుంది. కళ్లజోడు తీసి తుడుచుకుని, "బాత్రూం ఏమిటి అసహ్యంగా? 'ఏకాంతం' అను" అన్నాడు.

అలా బాత్రూం ఏకాంతమైంది. అన్నం కంచం గోడకేసి కొట్టిన రోజు, 'భోజనాల దగ్గర చిన్న మాటపట్టింపు' అయింది. ల్యాబులో ఆమెకి ఇన్‌ఛార్జి పోస్టు ఇస్తామన్నారు. ఆమెకి తెలియకుండా అతనే వెళ్లి డాక్టరుగారి ఎదురుగా కూర్చుని, "మా ఆవిడ అంత బాధ్యత మొయ్యలేదండీ, ఇంట్లో మా అమ్మ కూడా ఉంది" అని చెప్పి, టీ తాగి వచ్చాడు. అది 'ఇల్లే నా మందిరం' అనే పోస్టయింది. రెండువేల మంది చదివారు. ఆ బ్లాగులో ఒక భర్త ఉండేవాడు. తెల్లారకుండా లేచి భార్య పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాడు, తల్లికి మందులు తనే వేసేవాడు, భార్య డ్యూటీ నుంచి అలిసి వస్తే స్వయంగా టీ పెట్టి ఇచ్చేవాడు. కూతురు పన్నెండేళ్లప్పుడు ఒకసారి అదంతా చదివి, "అమ్మా, ఈ నాన్న ఎవరు?" అని అడిగింది. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగింది. ఆ తరవాత ఆ పిల్ల మళ్లీ బ్లాగు తెరవలేదు.

సంఘంలో అందరూ ఆమెను బ్లాగక్క అనేవాళ్లు. కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలు వచ్చి, మీలా ఓపిక పట్టడం ఎలా అక్కా అని అడిగేవాళ్లు. ఆమె నవ్వి ఏదో చెప్పేది. నిజానికి ఆ రాతల్లోని ఇంటిమీద ఆమెకే ఇష్టం పుట్టింది. తాను రాస్తున్నది అబద్ధమని ఎప్పుడూ అనుకోలేదు, ఆశ అని పేరు పెట్టుకుంది. ఎప్పటికైనా దేవుడు దాన్ని నిజం చెయ్యకపోతాడా అనుకుంది.

విసుగు అలసట అయిన మర్నాడు, సోమవారం, ల్యాబుకి ఒకమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో, బట్టలు కుట్టే పని. రెండ్రోజుల్లో చేతికి ఆపరేషను, దానికి ముందు చేయించుకోవలసిన పరీక్షలు. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టులో ఉంది. ఎడమచేతికి రబ్బరుపట్టీ బిగించి నరం కోసం వేలితో తడుముతుంటే, ఆ అమ్మాయి ఆమె మొహంలోకి చూసి, "మీరు బ్లాగక్క కదూ?" అంది.

ఔనంది.

"మీ పోస్టు చదివే మా ఆయన దగ్గరికి వెనక్కి వెళ్లానక్కా. 'మౌనమూ ప్రార్థనే' అని రాశారు చూడండి, అది. మా అమ్మావాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ రోజూ చదివేదాన్ని. సరే చూద్దామని వెళ్లి, ఏమన్నా నోరెత్తకుండా, మనసులో ప్రార్థన చేసుకుంటూ ఉన్నాను. పదకొండు రోజులు బానే గడిచింది. పన్నెండో రోజు, మాట్లాడకపోవడం పొగరన్నాడు." కట్టు వైపు ఒకసారి చూసుకుంది. "తలుపుసందులో పెట్టి నొక్కాడు. నా నమ్మకమే చాల్లేదేమో అక్కా. మీకు కుదిరింది కదా."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకోగలిగేది. సూది చర్మం దాకా వచ్చి ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఆమె చెయ్యి ఎన్నడూ అలా ఆగలేదు. మౌనమూ ప్రార్థనే. ఆ మాట ఆమెది కూడా కాదు, ఎర్ర సిరాతో అతను చేర్చింది. ముగింపు బలంగా ఉండాలని చెప్పి మరీ చేర్చాడు.

రబ్బరుపట్టీ వదులు చేసి, సూది ట్రేలో పెట్టింది.

"నాకూ కుదర్లేదమ్మా. అది నిజం కాదు. నేను అబద్ధం రాశాను."

"ఏది అబద్ధం?"

"ఆయన. ఆ ఇల్లు. ఆ ఓపిక. అంతా."

ఆ అమ్మాయి కట్టు చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. బయట బెంచీ మీద ఎవరో దగ్గుతున్నారు. "మరెందుకు రాశారు?" అని అడిగింది చివరికి, నెమ్మదిగా.

చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉన్నాయి. అత్తగారు, పరువు, పిల్ల చదువు, దిద్దిన కాగితాలు. ఆ కట్టు ముందు ఒక్కటీ నిలబడేలా లేదు. "భయపడి" అంది.

"తియ్యండి రక్తం" అంటూ ఆ అమ్మాయి మొహం గోడవైపు తిప్పేసుకుంది. పని అయ్యాక దూది ఒత్తి పట్టుకోవడానికి రెండో చెయ్యి లేక, మోచెయ్యి మడుచుకుని లేచి, గుమ్మం దగ్గర నిలబడింది. "ఇప్పుడు నాతో అన్న మాట అక్కడ కూడా రాస్తారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఆమె సీసాల మీద చీటీలు అంటించింది. పేరు, తేదీ, వేళ. ఇవి లేని సీసాని వాళ్ల ల్యాబులో పారబోస్తారు, లోపల ఎంత మంచి రక్తమున్నా సరే.

మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. ముందు బ్లాగు మొత్తం తీసిపారేద్దామనుకుంది. ఒక్క మీట నొక్కితే పోతుంది. వేలు దానిమీద పెట్టి కూడా ఆగింది. తీసేస్తే అతను బతికిపోతాడు. తనూ బతికిపోతుంది. ఏడేళ్ల అబద్ధం కడిగిన గచ్చులా మెరుస్తుంది. అంత తేలిగ్గా శుభ్రపడటం ఆమెకి ఇష్టం లేకపోయింది.

పైగా వచ్చే ఆదివారం సభ ఉంది. ఆ బ్లాగులోంచి ఏరిన పోస్టులను సంఘంవాళ్లు పుస్తకంగా వేశారు. మాస్టారికి సన్మానం. పుస్తకం ఇంటికొచ్చి అప్పటికే నాలుగు రోజులైంది. అట్ట మీద అతని ఫోటో, కింద పెద్ద అక్షరాల్లో 'కూర్పు, దిద్దుబాటు: హెడ్మాస్టరు గారు'. లోపలి పేజీలో, అచ్చువేసినవాళ్ల చిరునామాకి పైన, 'సహకారం: శ్రీమతి' అని ఉంది. అదేమిటండీ అంటే, "శ్రీమతి అంటే నువ్వే కదా, ఇంకెవరున్నారు నాకు?" అని నవ్వాడు.

ఆరు రోజులుంది. మొత్తం మూడువందల పన్నెండు పోస్టుల్లో నిజాన్ని మింగేసినవి ఎనభైనాలుగు తేలాయి. ఒక్కోదాని కిందా 'ఆ రోజు జరిగింది' అని పెట్టి, తేదీ, వేళ, ఎవరు ఏమన్నారో ఆ మాటలే, రాయడం మొదలుపెట్టింది. బస్సులో రాసింది, అన్నం మానేసి రాసింది. ఒక్క మాట కూడా మర్చిపోలేదని తెలిసి తనకే ఆశ్చర్యం వేసింది. కంచం విసిరినప్పుడు గోడమీద మరక ఎంత ఎత్తున పడిందో, డాక్టరుగారి దగ్గర్నుంచి ఇంటికొచ్చి అతను ఏ మాటతో మొదలుపెట్టాడో, అన్నీ వరసలో నిలబడి ఉన్నాయి, పిలిస్తే చాలన్నట్టు. ఓపిక పట్టమని తను ఊళ్లోవాళ్లకి చెప్పిన చోటల్లా, 'ఇది చెప్పేటప్పటికి నాకే ఓపిక లేదు, మిమ్మల్ని మోసం చేశాను' అని కూడా రాసింది. పగ ఇంత రుచిగా ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నీళ్ల చప్పుడు చాటున, "దేవుడా, ఈ వారం నాకు శాంతి ఇవ్వకు. ఆదివారం దాకా ఈ కోపం చల్లారనివ్వకు. ఇన్నాళ్లూ నీ పేరు అడ్డం పెట్టుకుని అబద్ధం చెప్పాను, ఒక్కసారి నీ ఎదుట నిజం చెప్పనీ" అని వేడుకుంది. అంత నిజాయితీగా ప్రార్థన చేసి చాలా ఏళ్లయింది.

ఆ వారం ఆమె దేనికీ ఎదురు చెప్పలేదు. "ఈమధ్య మనసు కుదుటపడినట్టుందే" అన్నాడు అతను మెచ్చుకోలుగా. ఔనండీ అంది. ఆదివారం పొద్దున్నే లేచి, రాసి దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బ్లాగులోకి ఎక్కించి, అందరికీ టీ పెట్టింది.

పదింటికి హాలు నిండిపోయింది. ముందు వరసలో అత్తగారు కొత్త కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. ఆవిడకి చెవులు కాస్త మందమని అందరూ అనుకుంటారు. పక్కన మనవరాలు, ఆ పక్కన ఆమె. వేదిక వెనక పెద్ద తెర. లాప్‌టాప్ ముందు సంఘం టైపిస్టు, యాభై దాటిన ఆవిడ. దండలూ పొగడ్తలూ అయ్యాక మాస్టారు పుస్తకం తెరిచి, తనకి బాగా నచ్చిన భాగం చదువుతానన్నాడు. వెనకవాళ్ల కోసం బ్లాగులో అదే పోస్టు తెర మీద వెయ్యమన్నాడు. 'మౌనమూ ప్రార్థనే.'

గొంతు మంచిది. ఎక్కడ తగ్గించాలో ఎక్కడ పెంచాలో తెలిసినవాడు. అతను పుస్తకంలో చదువుతుంటే టైపిస్టు దానికి తగ్గట్టు తెరమీది అక్షరాలు పైకి జరుపుతోంది. చివరి మాట చదివి అతను తలెత్తాడు. హాల్లో చీమ చిటుక్కుమనడం లేదు. అది భక్తి అనుకుని, పెద్ద వక్తల్లా ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. అతని వెనక తెర మీద ఉన్నదిది:

'ఆ రోజు జరిగింది. మార్చి పద్నాలుగు, సాయంత్రం ఆరున్నర. అంతకు నలభైరోజుల కిందట మా అమ్మకి జ్వరమని తెలిసి, ఆయన్ని అడక్కుండా వెళ్లి చూసొచ్చాను. అప్పట్నుంచీ ఆయన నాతో మాట్లాడలేదు. ఆ సాయంత్రం ముందుగదిలో నిలబెట్టి క్షమాపణ అడగమన్నారు. అడిగాను. ఇంకోసారి గట్టిగా చెప్పు, అమ్మకి వినపడలేదు, అన్నారు. గట్టిగా చెప్పాను. పైన చివరి వాక్యం నాది కాదు, ఆయన చేర్చింది. దాన్ని నమ్మి ఒకమ్మాయి వెనక్కి వెళ్లింది. ఇప్పుడు ఆమె కుడిచెయ్యి విరిగి ఉంది. ఆ పాపంలో సగం నాది.'

జనం చూపులు తన తల మీదుగా పోతున్నాయని అతనికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. వెనక్కి తిరిగాడు. చదివాడు. "ఆపండి అది" అన్నాడు.

టైపిస్టు తల ఎత్తకుండానే, "వెనకవాళ్లకి సరిగ్గా కనపడట్లేదంటున్నారండీ" అని అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేసింది.

అతను నవ్వడానికి చూశాడు. ఎవరో గిట్టనివాళ్లు బ్లాగులో దూరి ఇదంతా రాశారన్నాడు. తన ఇంట్లో ఇలాంటిదేమీ జరగలేదన్నాడు. మా అమ్మ ఇక్కడే ఉంది, ఆవిణ్ణే అడగండన్నాడు. "అమ్మా, చెప్పు వీళ్లకి."

ముసలావిడ పెదాలు కదుపుతూ ఇంకా తెర చదువుతోంది. చివరిదాకా చదివి, కళ్లజోడు సర్దుకుని, హాలంతా వినపడేలా అంది: "మొదటిసారే వినపడిందిరా నాకు. రెండోసారి నువ్వు చెప్పిస్తుంటే నోరుమూసుకుని కూర్చున్నాను."

అతను వేదిక దిగి భార్య దగ్గరకి వచ్చాడు. మైకుని అరచేత్తో మూసి, వంగి, "కథ రాశానని చెప్పు. ఒక్క మాట చెప్పు చాలు, ఇంటికెళ్లాక నీ ఇష్టం" అన్నాడు. మైకు ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె లేచి నిలబడింది.

"ఇంటికెళ్లేదాకా ఆగే ఓపిక లేదండీ నాకు" అంది మైకులో. టైపిస్టు వైపు తిరిగి, "మొదట్నుంచీ తెరవండి. ఎనభైనాలుగున్నాయి, అన్నీ చదువుతాను. పనులున్నవాళ్లు వెళ్లొచ్చు" అంది.

ఎవరూ కదల్లేదు. అతనొక్కడే మెడలో దండ తీసి కుర్చీలో పడేసి, తల్లి చెయ్యి పట్టుకుని, "పదమ్మా, పోదాం" అన్నాడు.

ఆవిడ చెయ్యి విడిపించుకుంది.

"నువ్వెళ్లు. నేను విని వస్తాను."