సమాధికి పెట్టిన డబ్బు

"లేచి నిలబడి చెప్పమ్మా. అందరికీ వినపడాలి" అన్నాడు జగదీశ్.

హెలెన్ లేచి నిలబడింది. జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా కంపెనీ వాళ్ల ట్రస్టు ఆఫీసు అది. ఏసీ హాలు. మెత్తటి కుర్చీల్లో ట్రస్టు పెద్దలు, కింద జంపఖానా మీద ఫిల్మ్‌నగర్ బస్తీ ఆడవాళ్లు. షూటింగులు తగ్గిపోయి బస్తీ పస్తులున్నప్పుడు, ఆ కంపెనీ ఈ ట్రస్టు పెట్టి నెలనెలా ఈ ఆడవాళ్ల అకౌంట్లలోకి నేరుగా డబ్బు వేస్తోంది. పేపర్లలో ఫొటోలు కూడా పడ్డాయి. ఇవాళ ఆ డబ్బు ఏం చేశారో చెప్పాలట.

"మా అమ్మకి సమాధి కట్టించానండి" అంది హెలెన్.

కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"సమాధా?" అంది భావన. కంపెనీ యజమాని అచ్యుతరామయ్యగారి కోడలు. ట్రస్టు వ్యవహారమంతా ఆవిడదే. చెడ్డ మనిషేం కాదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాళ్లయితే తిట్టుకుని ఊరుకోవచ్చు. "చూడమ్మా, ఈ మనీ ఫుడ్‌కి, మెడిసిన్స్‌కి, పిల్లల ఫీజులకి. చనిపోయినవాళ్లకి కాదు కదా?"

"మట్టి మీద కర్ర సిలువ ఒకటి పాతామండి. మొన్నటి వానలకి కొట్టుకుపోయింది. పక్కన కొత్త గుంటలు తీస్తున్నారు. అమ్మ ఎక్కడుందో కూడా తెలీకుండా పోతుందని..." అంది హెలెన్.

"అయ్యో, అర్థమైంది. కానీ మిస్‌యూజ్‌ని ఎంకరేజ్ చేయలేం. పుష్పవల్లిగారిని చూడండి. హస్బెండ్ పోయినా, ఇచ్చిన మనీ అంతా మెడిసిన్స్‌కి వాడుకుని హెల్త్ బాగు చేసుకున్నారు. అలా ఉండాలి."

అందరూ పుష్పవల్లి వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. జగదీశ్ అందరికంటే గట్టిగా కొట్టాడు. హెలెన్ పేరు జాబితాలోంచి తీసేశామని ఆ చప్పట్లలోనే చెప్పేశాడు. పై నెల నుంచి ఎవరికీ డబ్బు ఉండదనీ, బదులు సరుకుల కిట్లు ఇస్తారనీ, అవి తన బావమరిది కిరాణా కొట్లో తీసుకోవాలనీ కూడా చెప్పాడు. డబ్బు చేతికిస్తే పేదవాళ్లు పాడైపోతారట!

హెలెన్ కూర్చుంది. పక్కనే ఉన్న పుష్పవల్లి ఆమె చెయ్యి పట్టుకోలేదు. కడుపు మండాల్సిన చోట పుష్పవల్లికి ఏమీ మండలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి, లేచి బయటికి నడిచింది.

ఎవరీ పుష్పవల్లి? మీరు ఆమెని చూసే ఉంటారు, చూశామని మీకు తెలీదు అంతే. హీరో పెళ్లిలో వెనక వరసలో అక్షింతలు వేసింది ఆమే. సంతలో కూరగాయలు బేరమాడింది ఆమే, సమ్మెలో పిడికిలి ఎత్తిందీ ఆమే. జూనియర్ ఆర్టిస్టు. జగదీశ్ ఈ జనాన్ని కంపెనీలకి సప్లై చేసే ఏజెంటు. అతను ఫోన్ చేస్తే పని, చేయకపోతే పస్తు. అందుకే అతను ట్రస్టు సర్వే అంటూ ఇల్లిల్లూ తిరిగి, బియ్యం డబ్బాల మూతలు ఎత్తి చూసినా ఎవరూ ఇదేమిటని అడగలేదు.

ఆమె మొగుడు శ్రీకృష్ణ లైట్‌మ్యాన్. స్టూడియో ఫ్లోర్‌లో లైటు బిగిస్తూ పైనించి పడి చనిపోయాడు. దినం అయిన మర్నాడే పుష్పవల్లి షూటింగ్‌కి వెళ్లింది. అక్కడ చావు సీను. కంట్లో గ్లిజరిన్ వేస్తే బొటబొటా ఏడ్చింది. ఇంటికొచ్చాక ఒక్క చుక్క రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తింది, వెళ్లింది, నిలబడమన్న చోట నిలబడింది, వచ్చింది. మనిషి ఉంది, లోపల ఎవరూ లేరు.

ట్రస్టు డబ్బు మొదటిసారి పడ్డప్పుడు అద్దె కట్టింది, బియ్యం పోయించుకుంది. జగదీశ్ ఫోన్ చేసి "రేపు పొద్దున్నే షూటింగ్ బస్సు" అంటే, జన్మలో మొదటిసారి "రానండి" అంది. తలుపేసుకుని పడుకుంది. అలా నెలంతా పడుకుంది. లేచి ఇంత గంజి తాగి మళ్లీ పడుకుంది. సర్వేకొచ్చిన జగదీశ్ ఏం చేశావంటే, పడుకున్నానని ఎలా చెప్తుంది? "మందులకి" అని నోటికొచ్చిన అబద్ధం చెప్పింది. ఆ అబద్ధానికే ఇవాళ చప్పట్లు పడ్డాయి.

ఆ ఆదివారం ఆదాము ఇంటి ముందు బస్తీ అంతా పోగైంది. ఆదాము సెట్లు కట్టే వడ్రంగి. రహమత్‌నగర్‌లో పుట్టి పెరిగినవాడు, యూనియన్ మనిషి. అతని భార్య సారా కూడా పుష్పవల్లితో పాటు గుంపు సీన్లకి వెళ్తుంది.

"నాకివ్వడం లేదని కాదన్నా" అంది హెలెన్. "మా అమ్మని నలుగురిలో పెట్టి నవ్వారు."

"నడువుండ్రి, ట్రస్టు ఆఫీసు గేటు కాడ కూసుందాం" అన్నాడు ఆదాము. "హెలెన్ పేరు మళ్ల ఎక్కియ్యాలె. కిట్లు గిట్లు మాకొద్దు, పైసలే అకౌంట్ల ఎయ్యాలె. ఏం చేసినమని అడగొద్దు."

సారా కయ్యిమని లేచింది. "ఊకో అయ్యా! ఇచ్చేటోళ్లు ఇస్తుండ్రు. తిన్నింటి వాసాలు లెక్కవెడతరా ఎవలన్నా?"

"మన ఇంటి వాసాలు వాళ్లు లెక్కవెట్టలేదా? నీ బియ్యం డబ్బ మూత లేపి సూడలేదా? మన చెమటల కెళ్లి తీసినదాంట్లె జర్రంత మనకే ఇచ్చి, దాని మీద మళ్ల పెత్తనమా?"

"నేను పట్టుచీర కొన్నా" అని వెనకనుంచి ఒకామె మెల్లగా అంది. "పట్టుచీరుంటే పెళ్లి సీన్లకి పిలుస్తారు, కూలి ఎక్కువ. కానీ సోకు చేశాననుకుంటారని నూకలు కొన్నానని చెప్పా."

"నేను పిల్లలకి బిర్యానీ తినిపించా. ఎన్నాళ్లనించో అడుగుతున్నారు. ఫీజని చెప్పా."

"నేను తాళి విడిపించుకున్నా."

ఒకరి వెంట ఒకరు చెప్పుకుంటూ పోయారు. అందరూ అబద్ధాలే చెప్పారట జగదీశ్‌కి! నిజం చెప్పింది హెలెన్ ఒక్కతే, వేటు పడిందీ ఆమె ఒక్కదాని మీదే. ఇందులో ఎవరు డబ్బు పాడు చేశారో మీరే చెప్పండి. పిల్లల నోట్లో ముద్ద పెట్టినామెనా? పనిముట్టు కొనుక్కున్నామెనా? డబ్బున్నవాడు తన డబ్బు దేనికి పెట్టాడని ఈ ఊళ్లో ఏ నోరూ అడగదు.

పుష్పవల్లి మాత్రం ఏమీ చెప్పలేదు. సారా ఇంకా గొణుగుతూనే ఉంది, అయినా మర్నాడు గేటు దగ్గరికి అందరికంటే ముందు బయల్దేరింది కూడా ఆమే.

గేటు దగ్గర గొంతులు బాగా లేచాయి. అలవాటైన పనే కదా! "నగదే ఇవ్వాలి, కిట్లు వద్దు! హెలెన్ పేరు చేర్చాలి!" పిడికిళ్లు ఒక్కసారి లేస్తున్నాయి, ఒక్కసారి దిగుతున్నాయి. రోడ్డు మీద కార్లు ఆగాయి. వాచ్‌మెన్‌లు బెదిరిపోయి వెనక్కి జరిగారు.

అప్పుడు జగదీశ్ బయటికొచ్చాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, ఫ్లోర్‌లో అరిచినట్టే అరిచాడు.

"కట్!"

ఏం చెప్పమంటారు? గొంతులన్నీ ఠక్కున ఆగిపోయాయి. చేతులు కిందికి దిగాయి. ఏళ్ల తరబడి ఆ ఒక్క మాటకి ఆగిన ఒళ్లు అవి. ఒకామె చెంగుతో చెమట తుడుచుకుంటూ "టీ ఎక్కడిస్తున్నారు?" అని కూడా అడిగింది. అడిగాక నాలుక కరుచుకుంది.

జగదీశ్ పగలబడి నవ్వాడు. వాచ్‌మెన్‌లూ నవ్వారు. "ప్యాకప్! పోండి, పోండి. రేపు మిల్లు సీనుంది, అరుపులన్నీ అక్కడ అరుద్దురుగానీ."

తలలు దించుకుని కొండ దిగి వచ్చేశారు. ఆదాము తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బస్తీ మలుపులో పుష్పవల్లి ఆగింది. మొగుడు పోయాక తనంతట తాను నోరు విప్పింది అప్పుడే.

"నా చెయ్యి కూడా దిగిపోయింది" అంది. "నేను దించలేదు. అదే దిగింది."

"అందరివి గట్లనే దిగినయక్కా" అంది సారా. ఆమె మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ఇచ్చేవాళ్లని ఏమీ అనొద్దన్న సారాకి, ఆ నవ్వు అందరికంటే ఎక్కువ కాలింది. "వాడు రేపు మిల్లు సీనన్నడు గదా. పోదాం. పొద్దుగాల ఒక్కలు గూడ కిక్కురుమనొద్దు. సగం సీను తియ్యనిద్దాం. ఒకపాలి మన మొహాలు కెమెరాల పడ్డంక మిగిలిన సగం గూడ మనతోనే తియ్యాలె, ఇంకొకల్లని తెచ్చి నిలవెడితే సీను అతకది. గప్పుడు సూద్దాం, వాని 'కట్' అన్న మాటకు ఎవలు ఆగుతరో."

ఆదాము పెళ్లాన్ని తేరిపార చూసి, "నువ్వు యూనియన్ల ఎప్పుడు జేరినవే?" అన్నాడు. అప్పటిగ్గానీ జనం నవ్వలేదు.

మర్నాడు స్టూడియోలో మిల్లు గేటు సెట్టు వేసి ఉంది. ఆదాము కట్టిన గేటే. ఇటు కూలీల వేషంలో బస్తీ ఆడవాళ్లు, అటు పోలీసు యూనిఫారాలు వేసుకున్న బస్తీ మగవాళ్లు. మధ్యాహ్నం దాకా డైరెక్టరు చెప్పిన నినాదాలు చెప్పినట్టు అరిచారు. భోజనాలయ్యాక అచ్యుతరామయ్యగారూ భావనా షూటింగు చూడ్డానికి వచ్చి గొడుగు కింద కూర్చున్నారు.

"యాక్షన్!"

గుంపు కదిలింది. పిడికిళ్లు లేచాయి. షాటు అయిపోయింది.

"కట్!"

పుష్పవల్లికి భుజంలో ఏదో లాగింది. చెయ్యి దిగబోయింది. పక్కనుంచి హెలెన్ ఆ చేతిని గట్టిగా పట్టుకుని పైకే ఉంచింది. ఆ రోజు ట్రస్టు హాల్లో పుష్పవల్లి పట్టుకోని చెయ్యి అది.

"నగదే ఇవ్వాలి! కిట్లు వద్దు!"

"కట్! కట్!" డైరెక్టరు మైకులో అరిచాడు. అసిస్టెంట్లు అరిచారు. జగదీశ్ గొంతు చించుకున్నాడు. "మళ్లీ ఒక్కదానికీ ఈ ఊళ్లో పనుండదు! కట్ అన్నానా!" ఒక్క చెయ్యి దిగలేదు. గుంపు గొడుగు దాకా నడిచింది.

జగదీశ్ యూనిఫారాల వైపు తిరిగి, "చూస్తారేంట్రా, తొయ్యండి వీళ్లని!" అన్నాడు. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎదురుగా ఉన్నది వాళ్ల పెళ్లాలు, అక్కచెల్లెళ్లు. రబ్బరు లాఠీలు కింద పడేసి వచ్చి ఆడవాళ్ల వెనక నిలబడ్డారు.

భావన లేచి నిలబడింది. ఆవిడ మొహంలో నిజంగానే బాధ ఉంది. "పుష్పవల్లిగారూ, మీరు కూడానా? మీరెంత చక్కగా యూజ్ చేసుకున్నారు..."

"మందులు కొనలేదండి" అంది పుష్పవల్లి. గొంతు పెంచలేదు. అయినా అందరికీ వినపడింది. "అబద్ధం చెప్పా. మీరిచ్చిన డబ్బుతో నెల్లాళ్లు పడుకున్నా. మా ఆయన పోయాక నేను పడుకోలేదండి. పడుకుంటే కూలి పోతుందని. మీ డబ్బుతో నిద్ర కొనుక్కున్నా. అది మిస్‌యూజ్ అంటే నా పేరు కూడా కొట్టేయండి."

"నేను పట్టుచీర కొన్నా, నాదీ కొట్టేయండి!"

"బిర్యానీ తినిపించా, నాదీ!"

"నాది గూడ కొట్టెయ్యుండ్రి!" సారా గొంతు అందరి మీదా లేచింది.

భావన మళ్లీ కుర్చీలో కూర్చుంది. అచ్యుతరామయ్యగారు కోడలి వైపు చూడకుండా ఫోన్ తీశారు.

ఈసారి వచ్చినవి నిజం లాఠీలు. ముందున్న పుష్పవల్లినీ హెలెన్‌నీ కూలీల వేషంలోనే జీపెక్కించారు. స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు ఒక కాగితం ముందు పెట్టాడు. తప్పయిందని సంతకం పెడితే ఇంటికి పోవచ్చట. పై నెల నుంచి కిట్లు కూడా వస్తాయట. పుష్పవల్లి కాగితాన్ని అతని వైపే జరిపింది. బెంచీ మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఒంట్లో అదే తిమ్మిరి. భయం లేదు, ధైర్యమూ లేదు.

"వల్లక్కా" అంది హెలెన్ పక్కన చేరి. "సిమెంటు మీద అమ్మ పేరు రాయించా. బయటికెళ్లాక చూపిస్తా, వస్తావా?"

"వస్తా."

అప్పుడు నినాదం వినపడింది. ముందు దూరంగా, తర్వాత స్టేషన్ గేటు దగ్గర. ఫిల్మ్‌నగర్ వాళ్లే కాదు, రహమత్‌నగర్ నుంచి కూడా గుంపు సీన్ల వాళ్లు వచ్చారు. వాళ్లకి ఏ ట్రస్టు డబ్బూ రాదు, అయినా వచ్చారు. సగం తీసిన సీను అక్కడే ఆగిపోయి ఉంది. కొత్త మొహాల కోసం జగదీశ్ ఫోన్లు చేస్తుంటే ఎవరూ ఎత్తడం లేదట.

ఇన్‌స్పెక్టరు విసుగ్గా లేచి బయటికి వెళ్లాడు. "ఆపండి! ఆపమన్నానా!" అన్న కేక వినపడింది.

ఇప్పుడు ఆగిపోతుంది అనుకుంది పుష్పవల్లి. ఎన్నేళ్లుగానో చూస్తోంది, ఆపమంటే ఆగిపోతుంది. తలవంచుకుని ఎదురుచూసింది.

ఆగలేదు. సారా గొంతు, దాని వెనక ఆదాము గొంతు, వాటి వెనక ఎవరివో తెలీని గొంతులు.

ఒళ్లో ఉన్న చేతి మీద ఏదో తడి తగిలింది. ఏమిటా అని చూసుకుంది. కంట్లో ఎవరూ ఏమీ వేయలేదు. తుడుచుకోకుండానే లేచి, కిటికీ ఊచలు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తింది.