పరీక్ష ట్రే

ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆమె ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది.

"డేగక్కా, నేను. గుర్తుపట్టావా?" అంది అవతలి గొంతు.

గొంతు కన్నా ముందు ఆ పిలుపునే గుర్తుపట్టింది ఆమె. ఐదేళ్ళయింది ఎవరైనా ఆ పేరుతో పిలిచి.

హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు పనిచేసి సంపాదించుకున్న పేరది. హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు గిర్రున తిరుగుతుంటాయి. వాటికి తగలకుండా, ఒక్క పిసరు ఎత్తులో తేలుతూ రాసేదీ చదివేదీ హెడ్. నువ్వుగింజలో సగం కూడా ఉండదు. దాని స్ప్రింగు వంగినా, అతుకు చిట్లినా, ఒక్క దుమ్ము రేణువు అంటుకున్నా ఆ డిస్కులో దాచుకున్నవన్నీ గంగపాలు. ఆ హెడ్లను ట్రేకి నలభై చొప్పున మైక్రోస్కోపు కింద పెట్టుకుని చెడ్డవాటిని ఏరడం ఆమె పని. ఆమె కన్ను దాటి చెడ్డ హెడ్ పోదని పేరు. అందుకే డేగ.

తర్వాత లాప్‌టాప్‌లలోకి తిరగని చిప్పులొచ్చాయి. చిన్న డిస్కుల లైన్లు ఒకటొకటే మూతబడ్డాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం అందరి చేతా తెల్ల సూట్లూ బూట్లూ అప్పజెప్పించుకుని, ఇంక డిస్కుల కాలం అయిపోయిందని చెప్పి పంపేశారు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు పంపేశారని బస్సులో ఎవరో అన్నారు.

"మూడో లైను మళ్ళీ తెరుస్తున్నాం" అంటోంది ఫోన్‌లో లైన్ లీడర్. ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్న మనిషి. "ఈ కొత్త తెలివి కంప్యూటర్లున్నాయి చూడూ, ఏఐ అంటున్నారే, వాటికి ఎంత డేటా ఉన్నా చాలట్లేదంట. పెద్ద డిస్కులకి ఎక్కడలేని గిరాకీ. రెండేళ్ళ సరుకు తయారు కాకముందే అమ్ముడైపోయింది. పాతవాళ్ళందరికీ ఫోన్లు చేస్తున్నా."

"పర్మినెంటా?"

"ఎనిమిది నెలల కాంట్రాక్టు, అక్కా."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తోటికోడలు గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆమెకూ ఫోన్ వచ్చింది. అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క వాటాలు. తోటికోడళ్ళిద్దరూ ఒకే లైన్లో పక్కపక్క కుర్చీల్లో పనిచేసినవాళ్ళు. అత్తగారు బతికున్నన్నాళ్ళూ పెద్ద కోడలివి కళ్ళనీ, చిన్న కోడలివి గోళీలనీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. చిన్నదాని చేయి నెమ్మది. పెద్దది నాలుగు ట్రేలు చూసేలోపు తను మూడు చూసేది. దాన్ని పట్టుకుని పెద్దది వేసిన జోకులు లైనంతా తిరిగేవి. చిన్నది నవ్వి ఊరుకునేది.

"వెళ్దామా అక్కా?"

"వెళ్ళక? దుప్పట్లు మడతపెడుతూ చస్తామా?"

అలా అంది కానీ, ఆమె లోపల ఒక భయం ఉంది. ఏడాదిగా దీపాల చుట్టూ ఆమెకు తెల్లటి వలయాలు కనిపిస్తున్నాయి. ఎండలోకి వస్తే ఎదుటి మనిషి ముఖం పాలు కలిపినట్టు పలచబడిపోతోంది. వయసు మీద పడుతోంది కదా, మామూలే అనుకుంది. మొగుడితో కూడా అనలేదు.

చేర్చుకునే ముందు పరీక్ష పెట్టారు. ట్రేలో నలభై హెడ్లుంటాయి. ఆరు చెడ్డవి. పది నిమిషాల్లో ఆ ఆరూ ఎక్కడున్నాయో కాగితం మీద గుర్తుపెట్టాలి. ఆమె మైక్రోస్కోపు మీదకు వంగింది. లోపలి గుండ్రటి దీపం వెలుగు కంట్లో పొగమంచులా పరుచుకుంది. హెడ్లు ఉన్నాయని తెలుస్తోంది, బాగోగులు తెలియడం లేదు. చూపు ఎంత తిప్పినా అదే తెలుపు.

అప్పుడు ట్రే అంచున ఉన్న గీత కనిపించింది. పన్నెండేళ్ళ కిందట పట్టకారు జారి పడిన గీత. ఈ ట్రే ఆమె చేసినదే. కొత్తవాళ్ళకు పరీక్ష పెట్టడానికి చెడ్డ హెడ్లను ఏరికోరి తనే పేర్చింది. మొదటి వరసలో మూడు, మూడో వరసలో ఒకటీ తొమ్మిదీ... చేయి దానంతటదే గుర్తులు పెట్టుకుంటూ పోయింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

"డేగ డేగే!" అంది లైన్ లీడర్ కాగితం చూసి. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వింది. నవ్వుతుంటే దవడలు నొప్పెట్టాయి.

పనిలో చేరాక రోజులు ఒకే రకంగా నడిచాయి. తెల్లవారకముందే బస్సు. తల నుంచి కాలి దాకా తెల్ల సూటు, కళ్ళు తప్ప ఏమీ కనిపించని ముసుగు, గాలి ఊదే గదిలో అరనిమిషం, తర్వాత ఎనిమిది గంటలు వంగిన మెడ. డిస్కులు మారిపోయాయి. పాత చిన్న డిస్కులో రెండో నాలుగో హెడ్లుండేవి. ఇప్పుడు ఒక్కో దాంట్లో పది పళ్ళేలు, ఇరవై హెడ్లు. లోపల గాలికి బదులు హీలియం నింపి మూత అతికేస్తారు. మళ్ళీ తెరవడం ఉండదు. ఇరవైలో ఒక్కటి చెడ్డదైనా డిస్కు మొత్తం తుక్కులోకే. ఆ సంగతి గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి పెట్టారు.

ఆమె మాత్రం ఏం చేస్తుంది? దీపం తగ్గించి చూసింది, తల పక్కకు వంచి చూసింది. కనిపించినవి ఏరింది. కనిపించనివి మంచివే అయి ఉంటాయని తనకు తాను చెప్పుకుంది. రోజూ గుండె గుప్పెట్లో పెట్టుకుని ఫిర్యాదు కోసం ఎదురుచూసింది. ఏ ఫిర్యాదూ రాలేదు. నెల గడిచింది. ఆమె ట్రేలు ఒక్కటీ వెనక్కి రాలేదు. కన్ను పోయినా అలవాటు పోలేదు కాబోలు అనుకుంది. ఆ ధీమా రుచిగానే ఉంది.

ఈలోపు చిన్నదానికి రెండుసార్లు హెచ్చరిక వచ్చింది. రోజుకు చూడాల్సిన ట్రేలలో ముప్పాతిక కూడా చూడడం లేదని.

"నీ నత్తనడక ఇంకా పోలేదే" అంది బస్సులో పెద్దది. "నా పరువు కూడా తీస్తున్నావు. కాస్త చేయి కదుపు."

"కదుపుతాలే అక్కా" అని చిన్నది కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

ఒక గురువారం విరామంలో టీ యంత్రం పాడైంది. టీ లేదు. అందరూ బెంచీల మీద కూలబడ్డారు కానీ పెద్దదానికి కూర్చోవాలనిపించలేదు. అద్దాల వరండాలో నడుస్తూ లైను వైపు చూసింది. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది తన కుర్చీ. అందులో ఎవరో వంగి కూర్చున్నారు. తెల్ల సూట్లలో మనిషికీ మనిషికీ తేడా తెలియదు, కానీ ఎడమ భుజం కొంచెం జార్చి కూర్చునే ఆ తీరు ఆమెకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. చిన్నది పెద్దదాని ట్రేని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తోంది. ఒక హెడ్ తీసి చెడ్డవాటి ఎర్ర డబ్బాలో వేసింది. కాసేపటికి ఇంకొకటి వేసింది.

షిఫ్టు అయ్యాక లాకర్ల గదిలో పట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

చిన్నది ముసుగు విప్పుతూ ఆగిపోయింది. ఏం అడుగుతోందో అర్థంకానట్టు నటించలేదు. "రెండో రోజు నుంచి. నీ ట్రే పొరపాటున నా దగ్గరికొచ్చింది. రెండు వదిలేశావు. మర్నాడు కావాలని చూశా. మూడు. అప్పట్నుంచి టీ టైములో నీ కుర్చీలో, మిగతా టైములో నా ట్రేల మధ్య నీవీ చూస్తున్నా."

"నాతో చెప్పొచ్చుగా!"

"చెప్తే? ఆర్నెల్లు నాతో మాట్లాడేదానివి కాదు. తర్వాత పనిలోంచి వెళ్ళిపోయేదానివి. అప్పుడు నేనొక్కదాన్నే ఆ బస్సెక్కాలి." చిన్నది బూటు లాగి అవతల పడేసింది. "అయినా అత్తగారు నావి గోళీలన్నారుగా. గోళీలకీ పని దొరికింది, పోనీలే."

పెద్దది నవ్వలేకపోయింది, ఏడవలేకపోయింది. ముందుగా వచ్చింది కోపమే. నత్తనడక అని తిట్టినప్పుడల్లా ఇది నోరు మూసుకుని కూర్చుంది. టీ మానేసి, హెచ్చరికలు పడి, తన పేరు కాపాడింది. తనంతటి దాన్ని చూసి జాలిపడే స్థితి తెచ్చింది. ఆ కోపం ఇంటిదాకా కూడా నిలవలేదు. దిగేసరికి ఒళ్ళంతా నీరసంగా ఉంది, అంతే.

మర్నాడు షిఫ్టుకు ముందే లైన్ లీడర్ బల్ల ముందు నిలబడింది. "నాకు కళ్ళు కనిపించట్లేదమ్మా. ఆ పరీక్ష ట్రే నేను పేర్చినదే. బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పాను. నన్ను ఆ కుర్చీలోంచి తీసెయ్. చిన్నదానిదేం తప్పు లేదు, దాని లెక్క తగ్గింది నా వల్లే."

లైన్ లీడర్ పెన్ను మూత పెట్టేసింది. "డేగక్కా, ఆ ట్రేతోనే ముప్పై మందిని చేర్చుకున్నాను. అందులో సగం మంది పాతవాళ్ళే. అందరికీ ఆ ట్రే తెలుసు కదా?"

ఆ మాట ఆమెకు తట్టనే లేదు. తన సంగతి చెప్పుకోవడానికి వచ్చింది కానీ, తీగ లాగితే డొంకంతా కదిలింది.

కొత్త ట్రే తయారుచేసి ముప్పై మందికీ మళ్ళీ పరీక్ష పెట్టారు. ఐదుగురు తప్పారు. ఆమె, ఇంకో నలుగురు. అందరూ యాభైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళే. ఐదుగురినీ సూట్లు ఇచ్చే గదికి మార్చారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా గ్లవ్స్ పంచడం, మాసిన సూట్లు గోనెల్లోకి ఎత్తడం. మిగతా నలుగురూ ఆమెతో మాట మానేశారు. ఆమె పక్కన ఉండగానే ఒకరితో ఒకరు, "కొందరికి సత్యం చెప్పేదాకా నిద్రపట్టదు, మంది కొంపలు మునిగినా సరే" అనుకునేవాళ్ళు. ఆమె మూడు వారాలు అలాగే సూట్లు ఎత్తింది.

చివరికి మేనేజరు లెక్కలు వేశాడు. కొత్తవాళ్ళకు కన్ను కుదరడానికి ఆరు నెలలు పడుతుంది. అదే శుక్లాలైతే, తీయించుకుని కోలుకోవడానికి రెండో మూడో వారాలు. ఆర్డర్లేమో నెత్తి మీదున్నాయి. దయ ఏమీ లేదు అందులో, కాకపోతే లెక్క సరిగ్గానే వేశాడు. కంటి డాక్టరును ఫ్యాక్టరీకే పిలిపించాడు. పెద్దదానితో కలిపి ముగ్గురికి శుక్లాలని తేలింది. నాలుగో ఆమెకు కళ్ళద్దాలు మారిస్తే చాలన్నారు. ఐదో ఆమె డాక్టరు ముందు కూర్చోనని చెప్పి, సూటు గోనెలో పడేసి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ కనిపించలేదు. పెద్దది రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

ఆపరేషన్ అయిన నాలుగో వారం పెద్దది కొత్త ట్రే ముందు కూర్చుంది. దీపం వెలుగు మామూలు వెలుగులా ఉంది. స్ప్రింగు మడత, అతుకు మీద పగులు, చివరికి అంచున పట్టిన నూగు కూడా కనిపించాయి. ఆరూ ఏరింది. తొమ్మిది నిమిషాలు పట్టింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్క కుర్చీలోంచి చిన్నది మాత్రం, "నాకు ఎనిమిదే పట్టింది" అంది.

"అందులో ఒకటి వదిలేశావంటగా."

"ఎవరు చెప్పారు?" అని చిన్నది నిజంగానే కంగారుపడింది. ముసుగు చాటు నవ్వుకు పెద్దదాని భుజాలు కదిలాయి.

ఎనిమిది నెలలూ అయిపోయిన రోజున అందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టారు. మేనేజరు కళ్ళ కింద నల్లగా ఉంది. ఆర్డర్లు ఇంకా పెరిగాయని చెప్పాడు. కాంట్రాక్టు ఇంకో నాలుగు నెలలు పొడిగిస్తున్నామన్నాడు.

"రెండేళ్ళ ఆర్డర్లుంటే నాలుగు నెలల కాగితం ఏంటండీ?" అని చిన్నదే లేచి అడిగింది. అంతమందిలో నోరెత్తుతుందని ఎవరూ అనుకోలేదు.

మేనేజరు కోప్పడలేదు. "పోయినసారి ఇలాగే ఆర్డర్లు చూసి కొత్త బిల్డింగు కట్టాం. యంత్రాలు దింపకముందే గిరాకీ పోయింది. ఇప్పుడందులో పావురాలున్నాయి. ఈసారి పైవాళ్ళు ఇటుక కూడా పేర్చేది లేదంటున్నారు. ఉన్నదాంతోనే లాగమంటున్నారు. నా కాగితం కూడా నాలుగు నెలలదేనమ్మా."

అందరూ వరసలో నిలబడి సంతకాలు పెట్టారు. లైన్ లీడర్ కూడా అదే వరసలో నిలబడింది. పెద్దదాని వంతు వచ్చినప్పుడు కాగితంలోని చిన్న అక్షరాలన్నీ కళ్ళద్దాల్లేకుండా స్పష్టంగా కనిపించాయి. ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండానైనా తీసేయవచ్చని అందులో ఉంది. మొత్తం చదివింది. చదివి సంతకం పెట్టింది.

బస్సులో చిన్నది ఎక్కీ ఎక్కగానే నిద్రపోయింది. మలుపు తిరిగినప్పుడల్లా దాని తల కిటికీకి కొట్టుకుంటోంది. పెద్దది కాసేపు చూసి, చేయి చాపి ఆ తలను తన భుజం మీదకు లాక్కుంది.

"దిగేది వచ్చిందా?" అంది చిన్నది కళ్ళు తెరవకుండానే.

"లేదులే. పడుకో. నేను చూస్తుంటా."