ముందుగదిలో ఇంగ్లీషు

టైలరమ్మ పొద్దున్నే లేచి చేసే మొదటి పని నిన్నటి పోట్లాటని ఊడ్చెయ్యడం. ఆ వీధిలో ఆడవాళ్లందరికీ అదే మొదటి పని. కోపంగా అన్న మాట నోరు దాటగానే కింద పడి గట్టిపడుతుంది. ఎంత కోపమైతే అంత బరువు. ‘బుద్ధుందా’ అన్నది పెసరగింజంత ఉంటుంది, ‘మీవాళ్లంతా ఇంతే’ అన్నది నిమ్మకాయంత. ఊడ్చి, చేటకెత్తి, గంపలో వేసి చెత్తబండికిస్తే సరి. బండివాడు గంపలోకి ఒక్క చూపు చూసి ఆ ఇంట్లో రాత్రి ఏం జరిగిందో చెప్పెయ్యగలడు. చెప్పడు. ఉద్యోగధర్మం. అనేది మగవాళ్లు కూడానూ, ఊడ్చేది మాత్రం ఆడవాళ్లే ఎందుకని ఆ వీధిలో ఇంతవరకూ ఎవరూ పోట్లాడలేదు. పోట్లాడితే అదీ ఊడ్చుకోవాలిగా.

చిక్కల్లా ఒక్కటే. అర్థం తెలియని మాట చేతికి లేవదు.

టైలరమ్మ మొగుడు ఒక ఆఫీసులో గుమాస్తా. సగం దాకా తెలుగులోనే పోట్లాడేవాడు. ఓడిపోతున్నానని తెలియగానే ఇంగ్లీషులోకి దూకేవాడు. దానికి ఆవిడ దగ్గర జవాబుండేది కాదు, పోట్లాట అక్కడితో సరి. అలా పదమూడేళ్ల ఇంగ్లీషు ముందుగదిలో పేరుకుపోయింది. కిటికీ కింద గుమ్మడికాయంత ఒకటి, తలుపు పక్కన ఇస్త్రీపెట్టెంత ఒకటి, మంచం కింద లెక్కలేనన్ని. అత్తగారి బొటనవేలికి రోజుకొకటి తగిలేది.

“ఒరే, నువ్వన్నవి నువ్వే తియ్యరాదురా? నా కాళ్లేం పాపం చేశాయి?”

“ఆఫీసుకి టైమైందమ్మా.”

టైలరమ్మ మిషను వంటింటి మూలన ఉండేది. పదమూడేళ్లూ ఉల్లిపాయ ఘాటుకి కళ్లు తుడుచుకుంటూ కుట్టింది. ఆ నెల మొదట్లో వీధి చివరి స్కూలు హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా వచ్చి, ఆవిడ కుట్టిన కాలరు తిప్పి తిప్పి చూసింది.

“మూడొందల యూనిఫారాలు. కానీ రెండో మిషనూ, గుడ్డ పరిచి కత్తిరించే పెద్ద బల్లా నా కళ్లకి కనబడాలి. వంటింట్లో కుట్టిస్తే పిల్లల జేబులు ఉల్లిపాయ వాసనేస్తాయి. నెలాఖరుకి వచ్చి చూస్తాను. లేకపోతే ఇంకొకరికిస్తాను, ఏమీ అనుకోకు.”

బల్ల పట్టేది ముందుగదిలోనే. ముందుగదిలో ఉన్నది ఇంగ్లీషు.

రొట్టెల దుకాణం మేడమీద టైపు నేర్పే మేడమ్ మధ్యాహ్నం రెండింటికి ఆడవాళ్లకి ఇంగ్లీషు చెప్పేది. టైలరమ్మ మెడలో టేపు కూడా తియ్యకుండా వెళ్లి ముందు బెంచీలో కూర్చుంది. మేడమ్ బోర్డు మీద ‘హలో, హౌ ఆర్ యూ’ అని రాసింది.

“అవి మాకొద్దు మేడమ్. ఎలా ఉన్నావని అడిగేవాడితో మాకేం పేచీ లేదు. మొగుళ్లు పోట్లాటలో వాడేవి చెప్పండి.”

వెనక బెంచీ నర్సు, “నాకూ అవే కావాలి,” అంది. మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది, బోర్డు చెరిపింది.

“బ్లేమ్. తప్పు ఎదుటివాళ్ల నెత్తిన పెట్టడం. ఇంటరప్ట్. మాట పూర్తి కానివ్వకపోవడం. ఇగ్నోర్. విని కూడా విననట్టు కూర్చోవడం.”

“ఇది మా ఆయన పేరు,” అంది నర్సు.

టైలరమ్మ గుడ్డ ముక్కల మీద సుద్దతో రాసుకుని ఇంటికెళ్లేది. ఒక్కొక్క మాటా అర్థంతో సహా చెప్పుకుంటూ చెయ్యి వేస్తే, పదమూడేళ్లు కదలనిది పండులా చేతిలోకొచ్చేది. రిడిక్యులస్ లేచింది. నాన్సెన్స్ లేచింది. అత్తగారు మంచం మీద కూర్చుని, “నా వేలు చితక్కొట్టింది అదిగో ఆ మూలది, ముందు దాని సంగతి చూడు,” అని పురమాయించేది.

నెలాఖరుకి రెండు రోజుల ముందు కిటికీ కింది గుమ్మడికాయ ఒక్కటే మిగిలింది. ఇన్‌సబార్డినేషన్. మేడమ్ కూడా డిక్షనరీ తీసింది. పై అధికారికి లోబడకపోవడం. సాయంత్రం గుమాస్తా వచ్చేసరికి పెళ్లాం దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

“ఏమండీ, నాకు పై అధికారి ఎవరు?”

“ఏమిటా ప్రశ్న?”

“ఆరేళ్ల కిందట కూరలో ఉప్పెక్కువైతే మీరు నన్నన్న మాటిది. దీనర్థం చెప్పండి.”

“అంటే... తిట్టే. పెద్ద తిట్టు.”

“సరే, ఇందాండి, మీదే. పట్టుకోండి.”

నేలమీద పెట్టింది. గుమాస్తా వంగాడు, లాగాడు, చొక్కా గుండీ తెగింది కానీ అది లేవలేదు. టైలరమ్మ అతన్నీ దాన్నీ చూసింది. ఆఫీసుకి టైమవడమంటే ఏమిటో అప్పటికి తెలిసింది.

“మీకూ రాదా? మరెక్కణ్ణించి తెచ్చారివన్నీ?”

అతను చాలాసేపు గుండీ వెతుక్కున్నాడు.

“మా ఆఫీసరు నన్నంటాడు. నా బల్లంతా అవే. చెయ్యి ఆనించే చోటు లేక ఫైలు మోకాళ్ల మీద పెట్టుకుని రాస్తుంటాను. ఆయన అవి అంటే నాకు నోరు పడిపోయేది కదా, నీకూ పడిపోతుందని...”

టైలరమ్మ నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. అతని ముఖం మాడిపోయేదాకా నవ్వి, తరవాతే జాలిపడింది. సుద్దముక్క చేతిలో పెట్టి, “కూర్చోండి. మొదటి మాట, బ్లేమ్,” అంది.

హెడ్‌మిస్ట్రెస్ వచ్చిన రోజున ముందుగది అద్దంలా ఉంది. రెండు మిషన్లు, పొడుగాటి బల్ల, బల్ల మీద నీలం గుడ్డ. ఫ్యాను గాలికి గుడ్డ లేవకుండా నాలుగు మూలలా నాలుగు ఇంగ్లీషు మాటలు. ఆవిడ ఒకటి ఎత్తి చూసింది. ఇంగ్లీషు వచ్చినావిడ, సులువుగానే లేచింది.

“మంచి బరువు. గుడ్డ కదలదు. సోమవారం నుంచి మొదలెట్టు.”

సాయంత్రం గుమాస్తా రెండు సంచులు మోసుకుంటూ వచ్చాడు.

“ఆఫీసువి. అన్నీ లేచాయి. నీ బల్లకి నాలుగే ఉన్నాయిగా, పనికొస్తాయేమోనని.”

“మీ ఆఫీసరు ఏమన్నాడు?”

“ఒక్కొక్కటీ అర్థం చెప్పుకుంటూ ఎత్తుతుంటే నోరు తెరిచి చూశాడు. మళ్లీ మూసుకున్నాడు. ఇవాళ ఫైలు బల్ల మీద పెట్టి రాశాను.”

టైలరమ్మ ఒకటి చేత్తో తూచింది. “ఇది జేబుల కత్తిరింపుకి బాగుంటుంది.”

ఆ మరునాడే సంచులెక్కడ పెట్టాలన్నదాని మీద శుభ్రంగా పోట్లాడుకున్నారు, పూర్తిగా తెలుగులో. అతనే ఓడిపోయాడు. తెల్లారి ఆవిడ మిషను దగ్గర్నుంచి లేవకుండానే, “నాకు మూడొందల జేబులున్నాయి. ఎవరన్నవి వాళ్లే ఊడ్చుకుందాం. నావి రాత్రే ఊడ్చేశాను,” అంది.

చెత్తబండివాడు గుమ్మంలో గంప పట్టుకుని నిలబడ్డ గుమాస్తాని చూశాడు. ఉద్యోగధర్మం కొద్దీ ఏమీ అనలేదు. పక్కవీధిలోకి తిరిగాక మాత్రం ఇంటింటికీ ఆగి చెప్పాడు.