లైట్ తీసుకోండి

రూపశ్రీ తయారుచేసిన మందుకు కాస్త పొగరుంది. ఒంటికి పూస్తే ఊరకే పడి ఉంటుంది. ఎర్రదీపం వెలుగు పడితేనే మేలుకుని అక్కి తెచ్చే వైరస్ పని పడుతుంది. తిరుపతిలోని ఆమె ల్యాబులో అది చక్కగానే మేలుకుంది. మనుషుల ఒంటి మీద ఏం చేసిందో చూడటానికి ఇవాళ ఢిల్లీ నుంచి ముగ్గురు పెద్దలు దిగారు. వాళ్లు పెదవి విరిస్తే ఆమె ఇన్నేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

ఆమె ధైర్యమంతా గురప్ప. నగరిలో మరమగ్గం నడిపే మనిషి. నడుం ఒక పక్కంతా అక్కి పొక్కులు లేచి, ఆ మంటకు చొక్కా కూడా వేసుకోలేక వచ్చాడు. మందు గొట్టం, చిన్న ఎర్రదీపం చేతికిచ్చి, "పూసుకున్నాక లైట్ తీసుకోండి" అని పంపింది. అంతకంటే వివరంగా ఎవరు చెప్తారని ఆమె నమ్మకం. మిగతా రోగులది అంతంతమాత్రమే గానీ గురప్ప నడుం నున్నగా తేరింది. దీపానికున్న మీటరు చూస్తే అందరికంటే ఎక్కువ వెలిగించింది కూడా అతనే.

పెద్దల ముందు గురప్ప చొక్కా ఎత్తి, పెళ్లికొడుకులా ఒక చుట్టు తిరిగాడు.

"ఇంట్లో ఏం చేసేవాడివో చెప్పప్పా" అన్నాడు విభాగం పెద్ద దామోదరం. ఢిల్లీవాళ్లకు తెలుగు రాదు. ఇంగ్లీషులో చెప్పే పని ఆయనది.

"మందు పూసుకుంటా ఉంటి సార్. ఆపైన మేడమ్ సెప్పినట్టే లైట్ తీసుకున్నా. అక్కి కొసలు రెండూ కలిస్తే మనిషి దక్కడని మా వీధంతా బెదరగొట్టినారు. నిద్రే పట్టేది కాదు. డాక్టరమ్మే లైట్ తీసుకోమన్నాక ఇంకేం బయం? దాన్ని పట్టించుకునేదే మానేసినా."

రూపశ్రీ అతని మాటకు అడ్డొచ్చింది. "మరి దీపం?"

"అదా తల్లీ! తిరుపతి నుంచి ఏం తెచ్చినా మా ఇంట్లో దేవుడి గూటికే గదా. పొద్దూమాపూ వెలిగిస్తా ఉండాము. సామి మొగం ఎంత కళగా ఉండాదో సూడాల!"

దామోదరం గొంతు సవరించుకున్నాడు. ఢిల్లీవాళ్ల వైపు తిరిగి, మేడమ్ చెప్పినట్టే ఇతను రోజూ లైట్ తీసుకున్నాడని, దీపం ఒక్కపూట కూడా మానలేదని ఇంగ్లీషులో చెప్పాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

పెద్దలు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. తన గురించే అని గురప్ప కూడా కొట్టాడు. అందరిలోకీ పెద్దాయన లేచి, ఇలాంటి మందు దేశమంతా వెళ్లాలంటూ రూపశ్రీకి చెయ్యి చాచాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. మందు పనిచేసిందో, అక్కి దానంతటదే మానిందో ఇక దేవుడికే తెలియాలి. వెలుగంతా ఆయనకే పడింది మరి. "సార్, అసలు జరిగింది..." అని మొదలుపెట్టింది.

దామోదరం ముఖాన నవ్వు చెరగనివ్వకుండా, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు. "లైట్ తీసుకోమ్మా."

ఆ మాటను అపార్థం చేసుకునే అదృష్టం ఆమెకు లేకపోయింది. సిగ్గుతో చెవులు మండుతుంటే, పెద్దాయన చేతిలో చెయ్యి పెట్టింది.