కుడికాలు ముందు

ఆయన చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి ఉన్నాను. వెనకనుంచి అన్నారు, "ఈ శీతాకాలం మనిద్దరం మంచుకొండకి వెళ్దాం. ఏ రిసార్టో నువ్వే చూడు. నీ ఇష్టం."

పెళ్ళైన కొత్తలో "నీ ఇష్టం" అంటే పొంగిపోయేదాన్ని. పోనుపోను ఆ మాట లోతు తెలిసింది. కర్టెన్ల రంగు నీ ఇష్టం అన్నారు. వచ్చినవాళ్ళు మొహం చిట్లించగానే "మా ఆవిడ సెలెక్షన్" అని చేతులు దులుపుకున్నారు. సముద్రపు ఒడ్డున హోటలు నీ ఇష్టం అన్నారు. అక్కడ మూడు రోజులు వాన పడితే, ఆ వానని కూడా నేనే ఏరి తెచ్చినట్టు మూడు రోజులూ మొహం ముడుచుకుని కూర్చున్నారు. ఎంచుకునే పని నాకిచ్చేది ప్రేమతో కాదు. రేపు ఏదైనా తేడా వస్తే మోయడానికి ఒక మనిషి కావాలి.

అయినా మొదలుపెట్టాను. నేను ఒక ల్యాబులో రక్తం తీస్తాను. పొద్దున్నే పరగడుపున వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, మధ్యాహ్నం బాక్సు తెరిచి ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోనులో రిసార్టులు వెతికేదాన్ని. ఆయన రెండేళ్ళుగా ఆఫీసు స్నేహితులతో వెళ్ళి స్నోబోర్డు మీద జారడం నేర్చుకున్నారు. కాబట్టి ఆయనకి ఏటవాలు బాగా ఉన్న కొండ కావాలి, కొండ పైకి ఎక్కించే లిఫ్టు దగ్గర లైను ఉండకూడదు, గది కిటికీలోంచి శిఖరం కనబడాలి, వేడినీళ్ళు ఎప్పుడు తిప్పితే అప్పుడు రావాలి. మొదటిది చూపిస్తే "మరీ దూరం" అన్నారు. రెండోది చూపిస్తే "ఇది చిన్నపిల్లలు ఆడుకునే దిబ్బ" అన్నారు. మూడోది నేను ఒక్కో రివ్యూ చదివి, వచ్చిపోయినవాళ్ళు పెట్టిన ఫోటోల్లో బాత్రూము మూలలు కూడా చూసి తెచ్చాను. ఆయన సోఫాలో పడుకుని ఒకే ఒక్క రివ్యూ చదివి, "హీటరు మోత పెడుతుందట. ఇది కూడా చూసుకోలేదా?" అన్నారు. మూడు వారాలు పట్టింది ఆయనకి నచ్చిన నాలుగోది దొరకడానికి. పెద్ద కొండ, పేరున్న రిసార్టు. ఆ సాయంత్రమే స్నేహితుడికి ఫోనులో చెబుతున్నారు, "అబ్బో, చాలా రీసెర్చి చేశాన్రా." నేను పక్కనే నిలబడి ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. నన్ను చూసి కూడా ఆ వాక్యం సరిచేసుకోలేదు. అబద్ధమని ఆయనకి అనిపిస్తే కదా.

బుకింగుకి ఒక ఫారం ఉంది. వచ్చేవాళ్ళిద్దరి ఎత్తు, బరువు, బూటు సైజు, పాత దెబ్బలేమైనా ఉన్నాయా, బోర్డు మీద ఏ కాలు ముందు పెట్టి నిలబడతారు, అన్నీ రాయాలి. ఆయన గడులన్నీ అడక్కుండానే నింపేశాను. బరువు ఆయన చెప్పుకునేది కాదు, అసలుది రాశాను. ఎడమ మోకాలికి పాత బెణుకు అని రాశాను. వీడియోల్లో చూశాను కాబట్టి ముందు పెట్టేది ఎడమకాలు అని కూడా రాశాను. నా గడుల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను.

"ఏమండీ, నా కాలు ఏదని రాయను?"

ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా నవ్వారు. "నీకు బోర్డెందుకే? 'చూడ్డానికి వచ్చేవారు' అని ఉంటుంది చూడు, అది పెట్టు. కింద కాఫీషాపు ఉంటుంది. వెచ్చగా కూర్చుని నా వీడియోలు తియ్యి. ఈ వయసులో పడి కాలు విరగ్గొట్టుకుంటే ఇల్లెవరు చూస్తారు?"

ఈ వయసు అంటే నలభై ఒకటి. ఆయనకి నలభై నాలుగు.

అత్తయ్య తన కుర్చీలోంచి అందుకున్నారు. "వాడు నీ మీద ప్రేమతోనే అంటున్నాడమ్మా. మా రోజుల్లో మీ మావయ్య నన్ను వీధి చివరిదాకా తీసుకెళ్తే అదే గొప్ప."

నా కాలు విరిగితే నాకు నొప్పి పుడుతుందన్నది ఆ ఇంట్లో ఇద్దరికీ తట్టలేదు. ఇల్లెవరు చూస్తారన్నదే తట్టింది. ఫారం అలాగే వదిలేసి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు తోమడానికి కుళాయి తిప్పాను. నీళ్ళ చప్పుడులో మనిషి ముక్కు ఎగబీల్చినా బయటికి వినబడదు.

మర్నాడు సెలవు అడగడానికి ల్యాబు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, "మీవారికి సెలవు దొరికిందా?" అన్నారు. దొరికిందన్నాను. "అయితే ఇవ్వక తప్పదుగా. ఆయన ప్రోగ్రాం చెడగొట్టడం ఎందుకు" అని సంతకం పెట్టారు. ఈ ల్యాబులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. నరం దొరకని ముసలివాళ్ళు వస్తే నన్నే పిలుస్తారు. సెలవు మాత్రం నా మొగుడి ఖాతాలో వచ్చింది.

ఆ మధ్యాహ్నం స్టోరుగదిలో, సిరంజీల పెట్టెల మధ్య నిలబడి, ఆయన "చిన్నపిల్లల దిబ్బ" అన్న రిసార్టుకి ఫోను చేశాను. అక్కడ బోర్డు మీద జారడం నేర్పే ఆవిడే ఎత్తింది. మంచి మోటు గొంతు.

"నలభై దాటినవాళ్ళు నేర్చుకోవచ్చాండీ?"

"వయసు నేనడగలేదు కదమ్మా. ఏ కాలు ముందు పెడతావో చెప్పు. దాన్నిబట్టి బోర్డుకి పట్టీలు బిగించాలి."

"తెలీదండీ."

"దానిదేముంది. నీ వెనక ఎవరినైనా నిలబెట్టి, చెప్పకుండా తోయమను. పడిపోకుండా ఏ కాలు ముందుకొస్తే అదే నీ కాలు. చూసి మళ్ళీ ఫోను చెయ్యి."

రిపోర్టులు టైపు చేసే అమ్మాయిని పిలిచాను. సంగతి విని కిలకిలా నవ్వింది. రెండుసార్లు తోసింది. నేను కదల్లేదు. "అక్కా, నువ్వు ముందే బిగుసుకుపోతున్నావు. ఇట్లాగైతే నిన్ను లారీ తోసినా కదలవు" అంది. తర్వాత ఏదో రిపోర్టులో తప్పు గురించి చెబుతూ, నేను అటు తిరిగి వింటూ ఉండగా, ఉన్నట్టుండి వీపు మీద ఒక్క తోపు తోసింది.

కుడికాలు ముందుకొచ్చింది.

ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను మాత్రం నా చెప్పు వంక చూస్తూ ఉండిపోయాను. ఆయన మోకాలు ఏ చలికి లాగుతుందో నాకు తెలుసు. అత్తయ్య ఏ మాత్ర పొద్దున వేసుకోవాలో, ఏది తిన్నాక వేసుకోవాలో తెలుసు. నా కాలు ఏదో మాత్రం ఇన్నేళ్ళూ నేనే ఎరగను. మిగతావాళ్ళని తిట్టుకుని ఏం లాభం? ఆ స్టోరుగదిలోనే నిలబడి నా బుకింగు చేసుకున్నాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాను. "మీ కొండకి మీ పేరు మీద బుక్ చేశాను. నేను చిన్న కొండకి వెళ్తున్నాను. అవే తేదీలు."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మతిపోయిందా? జంటగా వెళ్దామన్నది నేను."

"మీరు జారతారు, నేను కాఫీషాపులో కూర్చుంటాను. ఇందులో జంట ఎక్కడుందండీ?"

"మొగుడో కొండకీ పెళ్ళామో కొండకీ వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ ఏ కొండకి వస్తున్నారో కనుక్కుని చెప్పండి, వాళ్ళకీ గదులు చూస్తాను."

అలా అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి అన్న మాట, "మరి నా వీడియోలు?"

ఏడుస్తానేమో అనుకున్నాను. నవ్వొచ్చింది. ఆపుకోలేక పొలమారింది కూడా.

మూడో రోజు ఆయన నా చోటులోకి స్నేహితుణ్ణి పిలుచుకున్నారు. దాచుకోవడం ఎందుకు, అది గుచ్చుకుంది. బతిమాలుతారని కాదు. ఒక్క పూట వెలితిగా ఉంటుందేమో అనుకున్నాను. చూడ్డానికి వచ్చేవారి కుర్చీ కదా, ఎవరు కూర్చున్నా సరిపోతుంది. అత్తయ్యని ఆడపడుచు ఇంటికి పంపుతూ వారానికి సరిపడా మాత్రలు పొట్లాలు కట్టాను. ఆవిడ ఒక్కో పొట్లం అందుకుంటూనే, "ఆడదానికి ఇంత పంతం పనికిరాదు" అన్నారు. పొట్లాల మీద వారాల పేర్లు రాయడం ఆపి ఆవిడ వంక చూశాను. తర్వాత మిగిలినవి కూడా రాసేశాను.

చిన్న కొండ నిజంగానే చిన్నది. నేర్పే ఆవిడ నాకంటే పెద్దది. ఎండకి కమిలిన బుగ్గలు, చిరిగి కుట్టుకున్న చేతి తొడుగులు. "ముందు పడటం నేర్పుతా" అంది. "పిడికిళ్ళు బిగించు. అరచేతులు ఆనించావంటే మణికట్టు పోతుంది. పడ్డాక కంగారుపడి లేవకు. ఊపిరి తీసుకో."

మధ్యాహ్నంలోగా ఎన్నిసార్లు పడ్డానో లెక్క తప్పింది. మోకాళ్ళు, తుంటి, భుజాలు, ఒంట్లో ఒక్కటీ మిగల్లేదు. ఒకసారి మాత్రం పది బారల దూరం నిలబడి జారాను. ఎవరూ వీడియో తియ్యలేదు. ఆ తర్వాత బోర్డు అంచు మంచులో దిగబడి వెల్లకిలా పడ్డాను. ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. ఎవరో పిలిచినట్టయింది, ఏదో పొయ్యి మీద పెట్టి మరిచిపోయినట్టయింది. గబగబా లేవబోయాను. కాళ్ళు బోర్డుకి బిగించి ఉన్నాయి, లేవలేకపోయాను.

చెవులు రిక్కించి విన్నాను. ఎవరూ పిలవలేదు. మళ్ళీ వెనక్కి వాలి పడుకున్నాను.