స్లాబు పడే రోజు

మధ్యాహ్నం రెండయినా స్లాబు సగమే పడింది. మెట్ల మీద పదిహేనుమంది ఆడవాళ్లు కాంక్రీటు తట్టలు చేతి నుంచి చేతికి అందిస్తున్నారు. స్లాబు రోజు వరుసలోంచి ఎవరూ దిగకూడదు. దిగితే పని ఆగుతుంది, ఆగితే అతుకు పడుతుంది, రేపు కప్పు కారితే ఆ పాపం దిగినవాళ్లదే. ఇది మేస్త్రీలు రాసుకున్న శాస్త్రం. కప్పుకు ఉన్న విలువ మోసేవాళ్ల తలకాయకు ఎప్పుడుందని?

నాలుగో మెట్టు మీదున్న ఆమెను అందరూ రేడియో అంటారు. పొద్దుటి నుంచి ఆ రేడియో పలకలేదు.

కింద కాంక్రీటు కలిపే మిల్లరు తిప్పేది ఆమె మొగుడు. ఆమె మౌనం చూసి అతను మాటిమాటికీ పైకి చూస్తున్నాడు. ఆరు నెలల కిందట ఆమె పని చేస్తూనే కుప్పకూలితే అందరూ ఎండదెబ్బన్నారు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ మాత్రం తల స్కానింగు ఫిల్ము చూపించి, పుట్టుకతోనే మెదడు లోతున రక్తనాళాలు చిక్కుపడ్డాయని, ఆరోజు కారింది రక్తమేనని చెప్పింది. ఒకసారి కారితే మళ్లీ కారే భయం ఎక్కువట. ఆపరేషనుకు పిలిచేదాకా బరువులెత్తొద్దు, బీపీ మాత్రలు మానొద్దు అని కాగితం రాసిచ్చింది. మొగుడూ పెళ్లాలు ఆ కాగితాన్ని పెట్టె అడుగున దాచారు. మేస్త్రీ జంటలనే పిలుస్తాడు. ఆమె రాకపోతే అతనికీ పని లేదు. పైగా ఆమె నవ్వుతూనే తిరుగుతోంది కదా అనుకున్నాడు.

ఆమె మెడ వెనక చెయ్యి పెట్టుకుని కిందికి చూసింది.

"ఏమయ్యా, తల పగిలిపోతోంది. దిగనా?"

పైనుంచి మేస్త్రీ చూస్తున్నాడు.

"ఇంకో పది సిమెంటు బస్తాలు తిరగనీవే. ఓర్చుకో," అన్నాడు.

ఓర్చుకుంది. పాపం, ఆమెకు అన్నిటికన్నా బాగా వచ్చిన పని అదే. ఏడో బస్తాకి వాంతి చేసుకుంది. కుడిచెయ్యి తట్టను వదిలేసింది. పక్కనున్న ఆడబిడ్డ, మొగుడి అక్క, పట్టుకునేలోపే స్పృహ తప్పింది.

అతను ఆమెను దించి ఇసుక మీద పడుకోబెట్టాడు. ఎవరో ఆటో కోసం పరుగెత్తారు. ఎండదెబ్బేనని, ఇద్దరు ఆడవాళ్లు తోడెళ్తే చాలని, అతన్ని మిల్లరు దగ్గరికి పొమ్మన్నాడు మేస్త్రీ. ఖాళీ అయిన మెట్టు మీదికి జరగమని ఆడబిడ్డకు చెప్పాడు.

"ఎండదెబ్బ కాదక్కా," అన్నాడు అతను. "డాక్టరమ్మ ముందే చెప్పింది. తెలిసే ఎక్కించాను."

అక్క తమ్ముణ్ణి కొట్టబోయినట్టు చెయ్యెత్తింది. ఆ చేత్తోనే తన తట్టను బోర్లించింది.

"నేను జరగను," అంది మేస్త్రీతో. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ఆటో ఎక్కరా. ఆసుపత్రిలోనైనా అన్నీ చెప్పు," అంది.

అక్క దిగింది. వెనకామె దిగింది. ఆటో కదిలేసరికి మెట్ల మీద ఎవరూ లేరు.

భార్య తల ఒళ్లో పెట్టుకుని, దిగేశావే, ఇంక పని లేదే అని అతను దారంతా చెబుతూనే ఉన్నాడు. ఆమె ఎడమ కన్ను సగం తెరిచి ఉంది. అది తనను చూస్తోందో లేదో అతనికి తెలియడం లేదు.